సెకండ్ హ్యాండ్ టీటీ కొన్నా, కడుగుతుంటే ఒక్కొక్కటే బయటపడుతోంది

కడప_బండ
బెంగళూరులో ఒక సెకండ్ హ్యాండ్ డీలర్ దగ్గర ఆడి టీటీ తీసుకున్నా, రెండు డోర్ల చిన్న స్పోర్ట్స్ కారు. 2012 మోడల్, 2.0 పెట్రోల్, ఎరుపు రంగు. మీటర్ మీద 41 వేల కిలోమీటర్లు. బేరం పదమూడున్నర లక్షల దగ్గర తెగింది. మదనపల్లె, రాయచోటి మీదుగా తెచ్చా. గువ్వలచెరువు ఘాట్‌లో ఆ బండి మలుపులు తిరుగుతుంటే డబ్బుల సంగతే మర్చిపోయా.

ఆదివారం పొద్దున ద్వారకానగర్‌లో ఇంటి ముందు పెట్టుకుని లోపల శుభ్రం చేద్దామని కూర్చున్నా. "డిటైలింగ్ చేసి ఇస్తున్నాం సార్" అన్నాడు డీలర్. చేసిందల్లా డ్యాష్‌బోర్డుకు పాలిష్ పూసి సెంటు కొట్టడం. డ్రైవర్ సీటు కింద చెయ్యి పెడితే బెంగళూరు మెట్రో టోకెన్ వచ్చింది. తర్వాత ఎండిపోయి నల్లబడిన నిమ్మకాయ. పిల్లల క్రేయాన్ ఒకటి కరిగి కార్పెట్‌కు అతుక్కుపోయింది. సీటు జరిగే పట్టాలో ఇరుక్కుని ఒక బంగారు కమ్మ, చిన్నది, రాయి ఉంది, వెనక మర లేదు. ఏసీ ఫుల్‌లో పెట్టగానే వెంట్లలోంచి చమ్కీ కాగితాలు, పెళ్లిళ్లలో పేలుస్తారే అవి, నేరుగా నా మొహం మీదికి వచ్చాయి. మా అమ్మ గడపలో నిలబడి "కారుకే పెళ్లి చేసినట్టున్నారు రా" అంది.

ఇవన్నీ నవ్వుకోవడానికి బాగున్నాయి. అసలు టెన్షన్ వేరే. ఎడమ పక్క ముందు సీటు కాళ్ల దగ్గర కార్పెట్ నొక్కితే నీళ్లు ఊరుతున్నాయి. కడపలో ఈ నెల చుక్క వాన లేదు. ఇది వరదలో మునిగిన బండా? కమ్మ ఏం చేయాలి? తెలిసినవాళ్లు చెప్పండి.

పాలకోవా_రాయచోటి
గువ్వలచెరువులో ఆగి కోవా కొనకుండా వచ్చినోడికి ఏ బండైనా తడుస్తుంది.

ఉగ్గాని_బజ్జి
టీటీలో వెనక సీట్లో ఎవరు కూర్చుంటారన్నా? మా అన్న కొడుక్కి ఎనిమిదేళ్లు, వాడికే కాళ్లు పట్టవు.

కడప_బండ
@ఉగ్గాని_బజ్జి వెనక సీటు రైతుబజార్ సంచికి. అమ్మ ముందు కూర్చుంటుంది, దిగేటప్పుడు ఇద్దరం చెయ్యి పట్టి లేపాలి. ప్రశ్నకు జవాబు చెప్పండి బ్బా.

బురుజు_నీడ
నాది కర్నూలు, కాబట్టి వరద బండి గురించి మాట్లాడే హక్కు నాకుంది. 2009 అక్టోబరు 2న తుంగభద్ర ఊళ్లోకి వచ్చినప్పుడు మా వీధిలో కార్లు పైకప్పు దాకా మునిగాయి. నీళ్లు తీసిన కొన్నాళ్లకే ఆ బండ్లు కడిగి, సీటు కవర్లు మార్చి వేరే ఊళ్లలో అమ్మేశారు. మా బావ అలాంటిదొకటి తెలియక కొన్నాడు. పైకి తళతళ. సీటు బెల్టు మొత్తం చివరి దాకా లాగితే మధ్యలో అడ్డంగా మట్టి గీత. నీళ్లు ఎంత ఎత్తు దాకా వచ్చాయో ఆ గీతే చెప్పింది. కవర్లు మార్చినవాడికి బెల్టు గుర్తుకు రాలేదు.

నువ్వు కూడా ముందు బెల్టు లాగు. తర్వాత సీటు కింది స్ప్రింగులు, పట్టాల బోల్టులు తుప్పు పట్టాయా చూడు. డిక్కీలో జాకీ పెట్టే గుంతలో వేలు పెట్టి రుద్దు, సన్నటి ఒండ్రు వస్తే బండి మునిగినట్టే. 2022 సెప్టెంబరులో బెంగళూరు ఔటర్ రింగ్ రోడ్డు పక్కన ఖరీదైన బండ్లు ఎన్ని మునిగాయో టీవీలో అందరం చూశాం. అవన్నీ ఎక్కడికి పోయాయి అనుకుంటున్నావు?

ఇంటావిడ_అనుమతితో
అనంతపురానికి 🙂

టవర్‌క్లాక్_77
@ఇంటావిడ_అనుమతితో మా ఊరి మీద పడ్డావేంది సామీ. మా దగ్గర వాన నీళ్లకే దిక్కు లేదు, ఆ బండ్లు చూస్తేనన్నా నీళ్లు ఎలా ఉంటాయో తెలుస్తుంది.

గ్రీజు_చేతులు
అనంతపురంలో షెడ్డు నడుపుతున్నా, జర్మన్ బండ్లే ఎక్కువ. కార్పెట్ తడిస్తే అందరూ ముందు వరద అంటారు. నా దగ్గరికి వచ్చేవాటిలో ఎక్కువ శాతం వరద కాదు.

వాసన చూడు. వరద నీళ్లయితే ఎంత సెంటు కొట్టినా మురుగు కంపు పోదు. వాన నీళ్లు లోపలికి వస్తుంటే ఆకులు కుళ్లిన వాసన. వైపర్ల కింద నల్ల ప్లాస్టిక్ కవర్ ఉంటుంది, దాని కింద తొట్టి, తొట్టికి నీళ్లు పోయే రంధ్రాలు. బండి వేప చెట్టు కింద ఏళ్ల తరబడి నిలబెడితే ఆకులు పడి ఆ రంధ్రాలు మూసుకుంటాయి, తొట్టి నిండి నీళ్లు క్యాబిన్‌లోకి దిగుతాయి. ఏ కంపెనీ బండైనా అంతే. నా అనుమానం దీని మీదే.

ఏ వాసనా లేకుండా శుభ్రమైన నీళ్లయితే ఏసీ నీళ్లు. ఇరవై నిమిషాలు ఏసీ నడిపి బండి కిందికి వంగి చూడు. మన ఎండలకు కింద చిన్న మడుగు కట్టాలి. నేల పొడిగా ఉందంటే ఆ నీళ్లు నీ కార్పెట్‌లోకే పోతున్నాయి.

ఇంకోటి. సీటు విప్పాలని ఉత్సాహపడొద్దు. విప్పక తప్పదంటే ముందు బ్యాటరీ మైనస్ తీసి కాసేపు ఆగు. సీటు కింద పసుపు రంగు కనెక్టర్ ఎయిర్‌బ్యాగ్‌ది. బ్యాటరీ ఉండగా దాన్ని పీకితే ఎయిర్‌బ్యాగ్ లైటు వెలిగి కూర్చుంటుంది, స్కానర్ పెట్టేదాకా ఆరదు.

ఓబీడీ_ఓబులేసు
గ్రీజన్న చెప్పినదానికి ఒప్పుకుంటా, ఆకుల సంగతి తప్ప. కడపలో వాన లేదని మొదటి పోస్టులోనే ఉంది కదా. వాన లేనప్పుడు తొట్టి ఎలా నిండుతుంది?

గ్రీజు_చేతులు
కడిగాడు కదయ్యా. ఆదివారం పొద్దున పైపు పట్టుకుని.

కడప_బండ
పైన ఇంకా కడగలేదు అన్నా, లోపలే మొదలుపెట్టా.

ఓబీడీ_ఓబులేసు
ఆఁ.

వాయిదా_పడింది
కమ్మ సంగతి ఎవరూ పట్టించుకోవట్లేదు కాబట్టి నేను చెప్తా. దొరికిన వస్తువు సొంతదారుకు ఇద్దామని తీసి భద్రంగా ఉంచడం నేరం కాదు. సొంతదారు ఎవరో తెలిసి, లేదా కాస్త ప్రయత్నిస్తే తెలుసుకునే వీలుండి, అయినా సొంతానికి వాడుకుంటే నేరం. పాత ఐపీసీలో 403, 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 314. నీ దగ్గర ఆర్‌సీ ఉంది, అమ్మినవాళ్ల పేరు, అడ్రసు ఉన్నాయి. కాబట్టి "ఎవరిదో తెలియదు" అనే మాట నీకు చెల్లదు. ఫోన్ చేసినప్పుడు కమ్మ దొరికిందని ముందే చెప్పొద్దు. "బండిలో మీదేమైనా పోయిందా" అని అడుగు. వాళ్లే వర్ణించాలి.

పసిడి_ప్రొద్దుటూరు
కమ్మ ఫొటో చూశా. హాల్‌మార్క్ ముద్ర కోసం వెతకొద్దు, 2 గ్రాముల లోపు నగలకు అది తప్పనిసరి కాదు. పెద్ద నగ అయితే ఆరు అక్షరాల గుర్తింపు కోడ్, హెచ్‌యూఐడీ ఉంటుంది, బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే ఏ షాపు వాళ్లు ముద్ర వేయించారో తెలుస్తుంది. దీనికి ఆ దారి లేదు. కానీ రాయి కెంపే, పనితనం పాతది. చేత్తో చేసిన కట్టుడు. ఇప్పటి మెషిన్ పని అంచులు ఇలా ఉండవు. ఎవరో పెద్దావిడది అయ్యుంటుంది.

ఇంటావిడ_అనుమతితో
ప్రొద్దుటూరు తెస్తే ఎంతొస్తుందో చెప్పలేదే.

పసిడి_ప్రొద్దుటూరు
ఒంటి కమ్మ తెచ్చినోడిని మేం ముందు కూర్చోబెట్టి టీ ఇస్తాం. తర్వాత జత ఏదని అడుగుతాం.

కడప_బండ
అప్‌డేట్. బెల్టులు నాలుగూ లాగా, ఎక్కడా గీత లేదు. జాకీ గుంతలో దుమ్ము తప్ప ఒండ్రు లేదు. బోల్టుల మీద తుప్పు లేదు. @బురుజు_నీడ గండం గడిచినట్టే కదా?

తర్వాత గ్రీజన్న చెప్పినట్టు ఏసీ వేసి ఇరవై నిమిషాలు ఆగా. కింద కడప బండల మీద ఒక్క చుక్క లేదు. లోపల కార్పెట్ మాత్రం ఇంకా తడిసింది. వాసన ఏమీ లేదు.

గ్రీజు_చేతులు
సరే, ఆకులు కాదు. ఏసీ డ్రెయిన్ పైపు మూసుకుంది. ఇప్పుడు గ్లోవ్ బాక్స్ పక్కన క్యాబిన్ ఫిల్టర్ మూత తీసి చూడు. చమ్కీలు వెంట్లలోంచి వచ్చాయన్నావు చూడు, అది నాకు రాత్రంతా బుర్రలో తిరిగింది. ఫిల్టర్ ఉంటే చమ్కీ లోపలికి రాదు. రాకూడదు.

కడప_బండ
ఫిల్టర్ లేదు.

మూత తీస్తే ఖాళీ పెట్టె. అడుగున పిడికెడు చమ్కీలు, రెండు గులాబీ రేకులు ఎండిపోయినవి. బండి కిందికి దూరి డ్రెయిన్ పైపు నోట్లో సన్న వైరు పెట్టి లాగితే వెండి రంగు ఉండ ఒకటి వచ్చింది. దాని వెనకే నీళ్లు, సుమారు చెంబుడు, నా చొక్కా మీద. రంగు కాగితాలు తడిసి ఒకదానికొకటి అంటుకుని అట్టలా అయ్యాయి. ఫొటో పెట్టా.

పాలకోవా_రాయచోటి
పెళ్లికొడుకు బండి 😂😂

టవర్‌క్లాక్_77
అంటే బానెట్ మీద పేపర్ బ్లాస్ట్ పేలుస్తుంటే లోపల ఏసీ బయటి గాలి పీల్చుకుంటోంది. ఫిల్టర్ లేకపోయేసరికి మొత్తం లోపలికి. ఒకట్రెండు పెళ్లిళ్లకు ఇంత చేరదు. ఈ బండి ఫొటోషూట్లకు అద్దెకు తిరిగింది.

ఉగ్గాని_బజ్జి
వెనక రెక్క సందులో చూడన్నా. టీటీకి 120 దాటితే రెక్క లేస్తుంది, మళ్లీ 80 కిందికి వస్తే దిగుతుంది. ఊరేగింపులో 120 పోరు కదా, బటన్ నొక్కి లేపుతారు ఫొటో కోసం.

కడప_బండ
లేపి చూశా. సందులో కుంకుమ, పసుపు, ఇంకొన్ని చమ్కీలు. రెక్క లేచినప్పుడు ఎదురింటి పిల్లలు చప్పట్లు కొట్టారు. మళ్లీ మళ్లీ లేపమని గొడవ.

అసలు విషయం ఇంకా చెప్పలేదు. ఫిల్టర్ మూత కోసం గ్లోవ్ బాక్స్ దించితే, వెనక సందులో పడిపోయిన కాగితం ఒకటి దొరికింది. 2021 నాటి సర్వీస్ బిల్లు. బండి నంబరు ఇదే. కిలోమీటర్లు: 78,412.

బురుజు_నీడ
దేవుడా.

ఓబీడీ_ఓబులేసు
వచ్చింది నా వంతు.

మీటర్ తిప్పేవాడు సాధారణంగా డ్యాష్‌బోర్డు క్లస్టర్‌లో, అంటే మీటర్లుండే పెట్టెలో, అంకె ఒక్కటే మారుస్తాడు. కానీ ఆడి ఉన్న ఫోక్స్‌వ్యాగన్ గ్రూపు బండ్లలో ఏబీఎస్, గేర్‌బాక్స్, డోర్లు, ప్రతిదానికీ సొంత కంప్యూటర్, అంటే మాడ్యూల్, ఉంటుంది. ఎక్కడైనా ఫాల్ట్ వచ్చినప్పుడు ఆ క్షణానికి బండి ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో కూడా ఆ మాడ్యూల్ రాసి పెట్టుకుంటుంది. తిప్పేవాడు వాటన్నిటి దాకా పోడు, ఓపిక ఉండదు. వీసీడీఎస్ లాంటి స్కానర్ పెట్టి పాత ఫాల్టులు ఒక్కొక్కటి తెరిచి చదవాలి. ఫాల్టులు క్లియర్ చేయొద్దు! ఎవరైనా "లైటు ఆర్పేస్తా సార్" అంటే చెయ్యి పట్టుకో. అవే నీ సాక్షులు.

స్కానర్ లేకుండా చూసుకోగలిగేవి కూడా ఉన్నాయి. టైరు పక్కన చివరి నాలుగంకెలు వారం, సంవత్సరం. 2319 అంటే 2019లో 23వ వారం. బ్రేక్ పెడల్ రబ్బరు, స్టీరింగ్ తోలు, డ్రైవర్ సీటు అంచు అరుగుదల. 41 వేలకు పెడల్ రబ్బరు నున్నబడదు.

శుక్రవారం కడప వస్తున్నా, పెద్ద దర్గాకు. స్కానర్ తెస్తా. భోజనం నీది.

కడప_బండ
పెడల్ రబ్బరు కొత్తది. మార్చారు.

ఓబీడీ_ఓబులేసు
పన్నెండేళ్ల బండికి పెడల్ రబ్బరు మాత్రం కొత్తది వేశారంటే ఇంకా చెప్పాలా.

ఇంటావిడ_అనుమతితో
సెకండ్ హ్యాండ్ బండ్లలో చాలావాటికి మీటర్ తిప్పిందే. తెలుసుకుని ఏం చేస్తావు? బండి బాగా నడుస్తోంది కదా, నడుపుకో.

గ్రీజు_చేతులు
@ఇంటావిడ_అనుమతితో ఏం చేస్తాడో నేను చెప్తా. ఈ బండిది ఆరు గేర్ల డీఎస్‌జీ, అంటే రెండు క్లచ్‌ల ఆటోమేటిక్ గేర్‌బాక్స్, ఆ క్లచ్‌లు ఆయిల్‌లో మునిగి ఉంటాయి. 60 వేలకు ఒకసారి గేర్‌బాక్స్ ఆయిలు, ఫిల్టర్ మార్చాలి. మీటర్ 41 అంటోంది, కాబట్టి ఇతను ఇంకో 19 వేలు నిశ్చింతగా తిరుగుతాడు. నిజం 85 అయితే ఆ ఆయిలు ఎప్పుడో మారి ఉండాలి. మారకపోతే గేర్లు మార్చే మెకట్రానిక్స్ యూనిట్ పోయాక లక్షల్లో బిల్లు. తిప్పినోడు అంకె మార్చాడు, ఆయిలు మార్చలేదు.

వాయిదా_పడింది
డీలర్ అమ్మాడా, పాత ఓనర్ నేరుగా అమ్మాడా? రశీదు ఎవరి పేరుతో ఉంది?

కడప_బండ
డీలర్ రశీదే. అందులో "కిలోమీటర్లు 41,2xx" అని రాసి సంతకం కూడా పెట్టాడు.

వాయిదా_పడింది
బంగారం లాంటి కాగితం, లామినేషన్ చేయించు. వ్యక్తి నుంచి కొంటే వినియోగదారుల చట్టం కిందికి తేవడం కష్టం, డీలర్ వ్యాపారి కాబట్టి వస్తాడు. 2019 చట్టం ప్రకారం నువ్వు ఉండే చోటే కేసు వేయొచ్చు, బెంగళూరు తిరగక్కర్లేదు. 50 లక్షల దాకా జిల్లా కమిషన్ పరిధి. రెండేళ్ల లోపు వేయాలి. ఆన్‌లైన్‌లో ఈ-జాగృతి ఉంది, పాత ఈ-దాఖిల్ బదులు వచ్చింది. దానికంటే ముందు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించుకో, ఖర్చు లేదు. మీటర్ తిప్పి అమ్మడం మోసం కాబట్టి సంహితలో 318 కూడా ఉంది, కానీ పోలీస్ స్టేషన్ గడప ఎక్కేముందు నోటీసు పంపి చూద్దాం.

ఇప్పుడు ముఖ్యమైనది ఒకటే. డీలర్ చేతికి వచ్చినప్పుడు ఎన్ని కిలోమీటర్లు ఉన్నాయో తేలాలి. లేకపోతే "మాకు అలాగే వచ్చింది" అంటాడు. ఆ పాత ఓనర్‌కు ఫోన్ చేశావా?

కడప_బండ
చేశా. బిల్లు మీద ఉన్న నంబరే పనిచేసింది. ఒక డాక్టరమ్మ, బెంగళూరు. మొదట ఇన్సూరెన్స్ వాళ్లనుకుని పెట్టేసింది. మళ్లీ చేసి "మీ ఎర్ర టీటీ నా దగ్గరుంది, శుభ్రం చేస్తున్నా, అందులో మీవి ఏమైనా పోయాయా" అన్నా. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "కెంపు కమ్మ" అంది. వాళ్ల అత్తగారిదట. మర లూజుగా ఉండేదని కూడా తనే చెప్పింది.

దాని కోసం ఇంట్లో పనిచేసే ఆవిణ్ణి అనుమానించి మాన్పించేశారట. ఈ మాట చెప్పాక గొంతు మారిపోయింది.

పసిడి_ప్రొద్దుటూరు
ఇన్సూర్డ్ పార్సిల్‌లో పంపొద్దు, మనిషి చేతికే ఇవ్వు. మర నేను చేసి ఇస్తా, డబ్బులొద్దు. ఆ పనావిడకు ఫోన్ చేశారా అని మాత్రం అడుగు.

కడప_బండ
అడిగా. "ముందు ఆమెకే చేస్తా" అంది.

ఇక కిలోమీటర్లు. బండి ఇచ్చేరోజు డీలర్ ముందు డ్యాష్‌బోర్డు ఫొటో తీసి పెట్టుకుందట, ఫాస్టాగ్ తీసేశాక దేనికైనా పనికొస్తుందని. ఫొటో పంపింది. తేదీ కింద కనిపిస్తోంది, ఎనిమిది నెలల కిందటిది. 86,930.

ఓబీడీ_ఓబులేసు
🔥🔥🔥

బురుజు_నీడ
పెళ్లిళ్ల సంగతి అడిగావా?

కడప_బండ
అడిగితే "మేం మా పెళ్లికే అంబాసిడర్‌లో పోయాం" అంది. తన దగ్గర ఉన్నప్పుడు ఒక్క చమ్కీ పడలేదట. క్రేయాన్ మాత్రం వాళ్ల బాబుదే.

టవర్‌క్లాక్_77
అంటే డీలర్ ఎనిమిది నెలలు షెడ్డులో పెట్టలేదు, ముహూర్తాలకు తిప్పుకున్నాడు. తెల్ల నంబరు ప్లేటు బండి అద్దెకు తిప్పడమే తప్పు మళ్లీ.

వాయిదా_పడింది
2023 ఏప్రిల్ 1 నుంచి పాత బండ్ల డీలర్లకు ఆర్టీవో దగ్గర అనుమతి పత్రం ఉండాలి. బండి వాళ్ల చేతికి రాగానే ఫారం 29సీ కింద తెలియజేయాలి, ఎక్కడికి తిప్పారో ట్రిప్ రిజిస్టర్ రాయాలి. ట్రయల్, సర్వీసు, పెయింటు లాంటి పనులకే తిప్పాలి. నోటీసులో ఆ రిజిస్టర్ కాపీ అడుగుతా. పెళ్లి ముహూర్తాలు అందులో ఏ పేరుతో రాశాడో చూడాలని నాకూ ఉంది.

ఓబీడీ_ఓబులేసు
కడప నుంచి ఇప్పుడే వచ్చా. అమ్మ చేతి రాగి సంగటి, నాటుకోడి. స్కానర్ గురించి కూడా చెప్తా.

డోర్ మాడ్యూల్‌లో పాత ఫాల్ట్ ఒకటి 71 వేల దగ్గర. ఏబీఎస్‌లో ఒకటి 83 వేల దగ్గర. అన్నిటికంటే కొత్తది రేడియోకు బ్యాటరీ ఓల్టేజీ పడిపోయిన ఫాల్ట్, 88,600 చిల్లర. క్లస్టర్ మాత్రం 41. అంటే డాక్టరమ్మ ఫొటో తర్వాత కూడా దగ్గర దగ్గర 1,700 కిలోమీటర్లు తిరిగింది, ఆ తర్వాత తిప్పారు. స్క్రీన్ షాట్లు వకీలు గారికి పంపా.

పాలకోవా_రాయచోటి
ఊరేగింపు స్పీడులో 1,700 కిలోమీటర్లు అంటే ఎన్ని పెళ్లిళ్లు సామీ!

ఉగ్గాని_బజ్జి
ఆ జంటలకు ఇప్పుడు పిల్లలు కూడా పుట్టుంటారు.

టవర్‌క్లాక్_77
పక్కదారి ప్రశ్న. నా బండి కడిగితే బోరు నీళ్ల తెల్ల మచ్చలు పోవట్లేదు. కడపలో మీరెలా కడుగుతారు?

కడప_బండ
పొద్దున ఎండ రాకముందే. బోరు నీళ్లతో కడిగి, చివర్లో మాత్రం క్యాను నీళ్లు ఒక బిందె. మైక్రోఫైబర్‌తో వెంటనే తుడిచేయాలి, ఆరనిచ్చావా మచ్చే. పాత మచ్చలకు వెనిగర్ సగం, నీళ్లు సగం.

ఇంటావిడ_అనుమతితో
గిన్నెలు తోమే లిక్విడ్ చాలు, ఎందుకు ఇంత హడావిడి.

గ్రీజు_చేతులు
దాంతో పైనున్న వ్యాక్స్ మొత్తం పోతుంది. గిన్నెలకు వ్యాక్స్ ఉండదు కాబట్టి వాటికి బాగుంటుంది.

ఒకరు ఆర్వో వేస్ట్ నీళ్లు వాడుతున్నారని విన్నా. అది ఇంకా అన్యాయం, ఉప్పంతా అందులోనే ఉంటుంది.

కడప_బండ
నోటీసు అందిన రోజే డీలర్ ఫోన్. మొదట "సార్, మేం కూడా అలాగే కొన్నాం". ఫొటో సంగతి చెప్పా. "కుర్రోళ్లెవరో చేసుంటారు సార్, నాకు తెలియదు". ట్రిప్ రిజిస్టర్ అడిగితే లైను కట్ అయింది. సాయంత్రం మళ్లీ ఫోన్ చేసి లక్షా డెబ్బై అయిదు వేలు వెనక్కి ఇస్తానన్నాడు.

బురుజు_నీడ
బండి తిరిగిచ్చేసి మొత్తం డబ్బులు తీసుకో. ఒక అబద్ధం దొరికింది, దొరకనివి ఎన్నో.

గ్రీజు_చేతులు
నేను ఒప్పుకోను. ఫొటోలు, వీడియో అన్నీ చూశా. కింద చాసిస్ శుభ్రంగా ఉంది, యాక్సిడెంట్ లేదు, ఇంజిన్ సౌండ్ బాగుంది. 88 వేలు తిరిగిన, సర్వీసు చేసుకున్న టీటీ మంచి బండే, ధర మాత్రం దాని ధర కావాలి. హంగేరీలో టీటీ తయారీ 2023 నవంబరులోనే ఆగిపోయింది, ఇక కొత్తది రాదు. వదిలేస్తే ఇంత శుభ్రమైనది మళ్లీ దొరకడం కష్టం.

బురుజు_నీడ
మెకానిక్ అన్నాక బండి వదిలేయమని చెప్పడు కదా 🙂

వాయిదా_పడింది
ఉంచుకున్నా, ఇచ్చేసినా ఒకటి మర్చిపోవద్దు. ఉంచుకుంటే డీలర్ చేత అసలు కిలోమీటర్లు ఎన్నో కాగితం మీద రాయించి సంతకం పెట్టించు. రేపు నువ్వు అమ్మేటప్పుడు మీటర్ 50 వేలు చూపిస్తుంది, నిజం తెలిసి ఊరుకుంటే అప్పుడు మోసం చేసినవాడివి నువ్వే అవుతావు.

ఇంటావిడ_అనుమతితో
ఇది నిజమే. ఒప్పుకుంటా.

కడప_బండ
మూడు లక్షల ఇరవై వేల దగ్గర తెగింది. డబ్బు అకౌంట్‌లో పడింది. "అసలు రీడింగ్ 88,600 పైన, క్లస్టర్ తప్పు" అని లెటర్‌హెడ్ మీద రాసి ముద్ర వేసి పంపాడు. బండి ఉంచుకుంటున్నా. 1915లో ఫిర్యాదు మాత్రం వెనక్కి తీసుకోలేదు, వాడి షెడ్డులో ఇంకా పది బండ్లున్నాయి.

కమ్మ నిన్న బెంగళూరు పోయి ఇచ్చొచ్చా, పసిడన్న చేసిన కొత్త మరతో. డాక్టరమ్మ వాళ్లత్తగారు రెండో తాళం చెవి ఇచ్చారు, డీలర్ "పోయింది" అన్నది. పనావిడ తిరిగి వచ్చిందట, జీతం పెంచమని అడిగిందట.

పాలకోవా_రాయచోటి
పెంచాల్సిందే. వచ్చేటప్పుడు గువ్వలచెరువులో ఆగావా?

కడప_బండ
రెండు కేజీలు. ఒకటి ఓబులేసన్నకు.

ఉగ్గాని_బజ్జి
నంబరు 04 సిరీస్ వస్తుందా అన్నా, ఏపీకి మార్చేటప్పుడు?

టవర్‌క్లాక్_77
04 కడపకు ఎప్పుడో పోయింది, మా 02 పోయినట్టే. 2019 నుంచి రాష్ట్రమంతా 39, ఇప్పుడు 40. కర్ణాటక ఆర్టీవో నుంచి ఎన్‌వోసీ, ఫారం 28 తెచ్చుకో, పన్నెండు నెలలు దాటితే ఇక్కడ మార్చుకోక తప్పదు. 2012 బండి కాబట్టి 2027లో పదిహేనేళ్ల రెన్యూవల్ కూడా లెక్కలో పెట్టుకో. జీవిత పన్ను చూసి గుండె పట్టుకోవద్దు.

నిర్వాహకుడు
రిజిస్ట్రేషన్ ప్రశ్నలకు వేరే చర్చ ఉంది, అక్కడికి వెళ్లండి. ఇక్కడ బండి సంగతులే.

గ్రీజు_చేతులు
బండి సంగతే చెప్తా. @కడప_బండ డీఎస్‌జీ ఆయిలు, ఫిల్టర్, క్యాబిన్ ఫిల్టర్ తెప్పించా. గేర్‌బాక్స్‌లో ఆయిల్ లెవెల్ చూసేది 35 నుంచి 45 డిగ్రీల మధ్య ఉన్నప్పుడే, అంతకు మించితే లెక్క తప్పుతుంది. మన ఊళ్లలో పదకొండు దాటితే నిలబెట్టిన బండే అంత వేడెక్కుతుంది. కాబట్టి ముందురోజు రాత్రే వచ్చి షెడ్డులో పెట్టు, పొద్దున ఆరుకు పని మొదలుపెడతా.